వెండ్రుక చెప్పు సాక్ష్యము

విజయవాడ ఇంద్రకీలాద్రి కేశఖండనశాలలో భక్తులు సమర్పించు తలనీలాలలో కుదురుతో కూడిన వెండ్రుక దొరకుట అరుదు. మంగలికత్తి వెండ్రుకను చర్మము పైననే కోయును. కుదురు లోపల నిలిచిపోవును. దువ్వెనకు చిక్కిన వెండ్రుక మొదట చిన్న గుబ్బ ఉండును. అది కాలము తీరి రాలినది. పెనుగులాటలో పెరికిన వెండ్రుకకైతే కుదురు సాగి, చర్మపు కణజాలము అంటుకొని వచ్చును. నేరస్థలమున దొరికిన వెండ్రుకను గూర్చి పరిశోధకుడు వేయు ప్రశ్నలలో ఇది యొకటి: తెగినదా, రాలినదా, పెరికినదా?

రెండవ ప్రశ్న: మనిషిదా, జంతువుదా? వెండ్రుకలో మూడు భాగములు గలవు. పైపొర పెంకుటింటి పెంకుల వలె ఒకదానిపై నొకటి పేర్చిన పొలుసులు. దాని లోపల వల్కలము. రంగు రేణువులు ముఖ్యముగా అందే ఉండును. నడుమ మజ్జ, అరటిబోదెలో దవ్వ వంటిది. మనిషి తలవెండ్రుకలో మజ్జ ఉన్నచో దాని వెడల్పు సాధారణముగా మొత్తములో మూడవ వంతుకు లోపు. పలు జంతువుల రోమములలో సగమునకు మించును.

మూడవ ప్రశ్న: ఎవరిది? చిక్కంతయు ఇక్కడనే. రెండు వెండ్రుకలను సూక్ష్మదర్శిని క్రింద ప్రక్కప్రక్కన ఉంచి పోల్చుదురు. స్పష్టమైన భేదమున్నచో “ఈతనిది కాదు” అనుటకు ఆధారము దొరకును. పోలినంత మాత్రమున “ఈతనిదే” అనరాదు. అమెరికాలో ఎఫ్.బి.ఐ. పాత కేసులను తిరగవేసి 2015లో ప్రకటించిన లెక్క ప్రకారము, నిందితులకు వ్యతిరేకముగా వెండ్రుక సాక్ష్యము వాడిన 268 విచారణలలో 257 యందు నిపుణుల మాటలలో తప్పులున్నవి. వాషింగ్టను నగరపు ఒక హత్య కేసులో 13 వెండ్రుకలను డి.ఎన్.ఏ. పద్ధతిని మరల పరీక్షింపగా, ఒక్కటియు శిక్షపడిన వానిది కాదని 2012లో తేలినది. వానిలో ఒకటి కుక్కది! ఆ మనిషి అప్పటికే ఏండ్ల తరబడి చెరసాలలో గడపెను.

కుదురుకు అంటిన కణములలో కేంద్రకముండును గనుక, దాని డి.ఎన్.ఏ.తో వ్యక్తిని గుర్తింపవచ్చును. కుదురు లేనిచో సాధారణముగా మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను పరీక్షింతురు. అది తల్లి నుండి సంక్రమించును. కావున ఒక తల్లి బిడ్డలను వేరు చేయజాలదు.

డి.ఎన్.ఏ. ఫలితమును కూడ ఇతర సాక్ష్యములతో కలిపియే తూచవలెను. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో డి.ఎన్.ఏ. నివేదికయు సాక్ష్యముగా చేరినది. 2010లో శిక్షపడిన యువకుని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసినది.

పాఠశాల సూక్ష్మదర్శిని క్రింద ఇద్దరు విద్యార్థుల వెండ్రుకలనుంచి, ఏది ఎవరిదో చెప్పుమని తరగతిని అడిగి చూడవచ్చును. పోలిక వేరు, గుర్తింపు వేరు అను సంగతి వారికి తేటతెల్లమగును.