కోడి తూనిక, మాంసపు తూనిక

అంగడిలో ప్రాణముతోనున్న కోడిని తూచి వెల కట్టునపుడు మన మిచ్చు పైకము దేనికి చెల్లుచున్నది? మాంసమునకే కాదు, రక్తమునకు, ఈకలకు, తలకు, పాదములకు, పేగులకు గూడ చెల్లుచున్నది. రెండు కిలోల బ్రాయిలర్ కోడిని కోసి శుభ్రపరచినచో ఒకటిన్నర కిలోకు లోపుగానే మిగులును. తోలు ఒలిపించినచో మరికొంత తరుగును. కడుపునిండ దాణా తిన్న కోడి తక్కెడలో ఇంకను బరువు చూపును. అందువలననే పెద్ద మాంస కర్మాగారములలో కోతకు కొన్ని గంటల ముందుగా దాణా ఆపివేయుదురు.

ఈ తరుగు అన్ని జాతులకు సమానము కాదు. దానిని న్యాయముగా పోల్చవలెనన్నచో పిల్లలన్నిటికి ఒకే దాణా, ఒకే వసతి, ఒకే వయస్సు ఉండవలెను. అమెరికాలో 1948లో జరిగిన 'రేపటి కోడి' పోటీలో ఈ పద్ధతినే పాటించిరి. గ్రుడ్లను ఒకచోట పొదిగించి, పిల్లలను 12 వారములు పెంచి, కోసిన పిమ్మట మాంసమును పరీక్షించిరి. కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ కార్నిష్ జాతిని న్యూహాంప్‌షైర్ జాతితో కలిపి తీసిన సంకరము నెగ్గినది.

ఆ కార్నిష్ కోడికిని మనకును చుట్టరికము గలదు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమున దానిని రూపొందించినపుడు మన దేశపు అసీలు కోళ్లను వాడిరి. దానికి మొదట 'ఇండియన్ గేమ్' అనియే పేరు. పందెపు కోడి విశాలమైన రొమ్ము ఈనాటి బ్రాయిలర్‌కు పితృపక్షమున సంక్రమించిన ఆస్తి. మాతృపక్షము సాధారణముగా తెల్ల ప్లిమత్ రాక్ జాతి.

అటుపిమ్మట జరిగిన మార్పును చూడుడు. ఉత్తర కరొలీనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు, 1957 నాటి గుణములు మారకుండ కాపాడుచు వచ్చిన ఒక వంగడమును, 2001 నాటి రాస్ 308 వంగడమును పక్కపక్కనే పెంచిరి. 42 దినములకు పాతది పాత దాణాతో 539 గ్రాములు తూగగా, కొత్తది కొత్త దాణాతో 2,672 గ్రాములు తూగినది. ఇది దాణా మహిమయే యనుకొనరాదు; ఆ పాత దాణానే తిన్న కొత్త కోడి సయితము 2,126 గ్రాములు తూగినది. ప్రాణముతోనున్న బరువులో రొమ్ము మాంసము పాతదానికి నూటికి ఇంచుమించు 12 పాళ్లు, కొత్తదానికి సుమారు 20 పాళ్లు. పెరిగినది కోడి మాత్రమే కాదు, కోడిలో రొమ్ము వాటా.

నేటి వంగడములలోను భేదము లున్నవి. రాస్ 308 త్వరగా పెరుగును. రాస్ 708 తొలుత కొంత నెమ్మదిగా పెరిగినను రొమ్ము మాంసము నెక్కువగా నిచ్చును. కోడిని ముక్కలు చేసి, రొమ్మును ప్రత్యేకించి అధిక ధరకు అమ్ము దేశములలో రెండవది లాభకరము. మన దేశమున కోళ్లు చాలవరకు ప్రాణముతోనే అమ్ముడు పోవుచున్నవి గనుక, తక్కువ దాణాతో త్వరగా రెండు కిలోలకు వచ్చు కోడియే రైతుకు మేలు. ఇక మన వంటయింటి మాట: పులుసునకు కాలి ముక్క, తొడ ముక్క రుచించినట్లు రొమ్ము ముక్క రుచింపదు; ఎముక లేని కూరను కూర యనుటకే కొందరు పెద్దలు సమ్మతింపరు! అట్టి యింటికి రొమ్ము వాటా హెచ్చినందున ఒరుగునది స్వల్పము.

అసీలు పుంజు మూడు నాలుగు కిలోలు తూగవచ్చును గాని, దానికి నెలల తరబడి మేత కావలెను. నాటుకోడికి అధిక ధర పలుకుటకు రుచితోపాటు ఇదియు నొక కారణము.

అతివేగముగ పెరుగు రొమ్మునకు ఒక చిక్కు కలదు. కొన్ని కోళ్ల రొమ్ము మాంసముపై తెల్లని చారలు కనబడును. కొన్నింటిలో కండరము కట్టెవలె బిగుసుకొనును. ఇది అంటువ్యాధి కాదు. అయితే చారలున్న మాంసమున క్రొవ్వు హెచ్చు, మాంసకృత్తులు తక్కువ. బిగుసుకొన్న ముక్క ఎంత ఉడికించినను నమలుటకు గట్టిగనే యుండును. ముక్కలు కొనునపుడు రొమ్మును వ్రేలితో నొక్కి చూచి మరి కొనుడు.