కంచ గచ్చిబౌలి దుప్పులు: తరలింపునకు చట్టం, శాస్త్రం విధించే హద్దులు

శేరిలింగంపల్లి మండలం కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న సుమారు 400 ఎకరాల భూమిలో చెట్ల తొలగింపును 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది. అదే నెల 16న, అక్కడి వన్యప్రాణుల పరిస్థితిని పరిశీలించి తక్షణ రక్షణ చర్యలు చేపట్టవలసిందిగా రాష్ట్ర వన్యప్రాణి సంరక్షణాధికారిని ఆదేశించింది. ఇటువంటి సందర్భాలలో సహజంగా కలిగే ప్రశ్న ఒకటి ఉంది. చుక్కల దుప్పులను, నెమళ్లను పట్టి అభయారణ్యంలో వదిలివేయరాదా?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం 'వేట' అనే పదంలో జంతువును పట్టుకొనుట, ఉచ్చు పన్నుట కూడా చేరి ఉన్నాయి. కావున సదుద్దేశంతో పట్టినప్పటికీ అనుమతి లేనిదే అది నేరమే. అనువైన మరొక ఆవాసానికి తరలించుటను సెక్షన్ 12 'శాస్త్రీయ యాజమాన్యం'గా గుర్తించింది. అయితే మొదటి షెడ్యూల్‌లోని నెమలి విషయంలో కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి, ఆ షెడ్యూల్‌లో లేని చుక్కల దుప్పి విషయంలో రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి.

అనుమతి లభించిన తరువాతే అసలు కష్టం మొదలవుతుంది. దుప్పి మిక్కిలి బెదురు గల జంతువు. తరిమి పట్టినప్పుడు అధిక శ్రమ, భయం వలన కండరాల కణజాలం విచ్ఛిన్నమై, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పట్టిన రోజున ఆరోగ్యంగా కనిపించిన జంతువు కొన్ని రోజుల తరువాత మరణించవచ్చు. వేసవి ఎండ ఈ ముప్పును మరింత పెంచుతుంది. అందుకే ఆఫ్రికాలో రూపొందిన 'బోమా' పద్ధతిని మధ్యప్రదేశ్ అటవీ శాఖ అనుసరిస్తున్నది. గరాటు ఆకారంలో తెరలు కట్టి, మందను చేతితో తాకకుండానే క్రమంగా వాహనంలోకి నడిపిస్తారు. 2025 అక్టోబరులో షాజాపూర్ జిల్లా పంట పొలాల నుండి కృష్ణజింకలను ఈ విధంగానే తరలించారు.

మేత సంగతిని మన శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించాలి. నెమరువేసే జంతువులో జీర్ణక్రియ సూక్ష్మజీవులపై ఆధారపడి ఉంటుంది. మేత ఒక్కసారిగా మారితే ఆ సమతుల్యత చెడుతుంది. పశువుల విషయంలో మనం రైతుకు నిత్యం చెప్పే మాటే ఇది. అడవి జంతువు విషయంలో మాత్రం మరచిపోతుంటాము.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు నియమం ఈ సందర్భంగా గమనింపదగినది. అక్కడ ఇంటి కప్పులో చేరిన పాసమ్ అనే సంచి జంతువును పట్టినవారు దూరపు అడవికి తీసుకుపోరాదు. పట్టిన చోటికి 50 మీటర్ల లోపే, అదే ఆవరణలో, వదలవలసి ఉంటుంది. కొత్త చోట ఆశ్రయం దొరకక, అప్పటికే స్థిరపడిన పాసమ్‌లతో పోరాడలేక, తరలించినవి చాలావరకు మరణిస్తాయి. తరలింపును దయగా కాక, చివరి మార్గంగా చూచుటే సమంజసమని నా అభిప్రాయం.

పొలంలోకి వచ్చిన దుప్పిని లేదా నెమలిని పట్టించమని రైతు కోరినప్పుడు, వల వేయవద్దని, వెంట తరమవద్దని, కుక్కలను కట్టివేయమని చెప్పి, వెంటనే స్థానిక అటవీ రేంజ్ అధికారికి సమాచారం అందించాలి. పంట నష్టాన్ని ఫొటోలతో సహా నమోదు చేయించాలి.