‘ఇంజిన్ విప్పుతాం సార్’ అన్నా... ఉద్యోగం చేజారింది!

బీటెక్ మెకానికల్ అయ్యాక ఓ కార్ల సర్వీస్ సెంటర్‌లో ట్రైనీ ఇంటర్వ్యూకి వెళ్లా. టేబుల్ ముందు కూర్చోబెడతారనుకుంటే నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లారు. గ్యాస్ కిట్ ఉన్న పాత పెట్రోల్ కారు, బానెట్ ఎత్తి ఉంది. ‘మూడు సిలిండర్లలో కంప్రెషన్ 160 పీఎస్‌ఐ దాకా ఉంది. మూడో నంబర్‌లో మాత్రం 95. ఇప్పుడేం చేస్తావు బాబూ?’ అన్నారు సూపర్‌వైజర్.

‘ఇంజిన్ విప్పుతాం సార్.’

‘ఎవరి డబ్బుతో?’

నాకు నోట మాట రాలేదు. కంప్రెషన్ రేషియో ఫార్ములా మాత్రం కంఠతా వచ్చు!

ఆయన అడిగింది చిన్న విషయమే. గేజ్ మీద అంకె లీకు ఉందని చెబుతుందంతే, గాలి ఎటు పోతోందో చెప్పదు. ముందు ఆ 95 నిజమో కాదో చూడాలి. ఇంజిన్ వేడిగా ఉందా, ప్లగ్గులన్నీ తీశారా, థ్రాటిల్ పూర్తిగా తెరిచారా, బ్యాటరీ బలంగా ఉందా? వీటిలో ఏది తప్పినా అంకె మారిపోతుంది. సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటితే అనుమానించాల్సిందే.

తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ప్రెషర్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. మన మెకానిక్‌ల భాషలో ‘బోరుకొచ్చింది’. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెటో. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే ముందు గ్యాస్కెట్‌నే అనుమానించండి.

అసలు మజా లీక్‌డౌన్ టెస్ట్‌లో ఉంది. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉండగా ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపిస్తారు. (పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే గాలి తోపుకి క్రాంక్ గిర్రున తిరుగుతుంది. స్పానర్ దానికే వదిలేస్తే మణికట్టు పోతుంది.) ఇక చెవులకే పని. బుస్సుమనే శబ్దం ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్ నీళ్లలో బుడగలొస్తే గ్యాస్కెట్. అన్నట్టు, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు, కాలుతుంది.

ఆ రోజు శబ్దం సైలెన్సర్‌లోంచి వచ్చింది. హెడ్ దించుతారనుకున్నా. సూపర్‌వైజర్ ఫీలర్ గేజ్ తెప్పించి టాపెట్ గ్యాప్ కొలిచారు. గ్యాప్ లేనే లేదు, అందుకే వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు. గ్యాస్ బండ్లలో సీటు అరిగి ఇలా అవుతుంటుంది. ఇలాగే ఇంకొన్నాళ్లు తిప్పితే వాల్వ్ కాలిపోయి నిజంగానే హెడ్ దించాల్సి వచ్చేది. స్క్రూ తిప్పి గ్యాప్ సర్దాక గేజ్ 150 చూపించింది.

ఉద్యోగం మాత్రం రాలేదు. ఆర్నెల్ల తర్వాత ఇంకో ఇంటర్వ్యూలో అటూ ఇటుగా ఇదే ప్రశ్న వేశారు. ‘ముందు ఒక చెంచా ఆయిల్ ఇప్పించండి సార్’ అన్నా.