ఉప్పు దారుల వెండి

దిల్‌సుఖ్‌నగర్ నగల షాపుల్లో వెండి లెక్క అందరికీ తెలిసిందే. కాటా మీద పెడతారు, ఆ రోజు రేటు కడతారు, మజూరీ వేస్తారు, 3 శాతం జీఎస్టీ కలుపుతారు. అదే కాటా మీదకు పాత నగ వస్తే మాత్రం మజూరీ ఊసుండదు. తరుగు తీసేసి, కరిగించే వెండికి ఎంతొస్తుందో అంతే చెబుతారు.

ఇప్పుడు ఫోన్లలో ‘తువారెగ్ సిల్వర్’, ‘ఆఫ్రికన్ ట్రేడ్ బీడ్స్’ పేర్లతో కనబడుతున్న నగలు ఈ లెక్కకు లొంగవు. వాటి ధరలో లోహం కంటే చేతిపనికీ, పాతదనానికీ కట్టేదే ఎక్కువ. మోసానికి చోటున్నదీ అక్కడే. వాటిని పోల్చుకోవడం నేర్చుకోవడానికి సహారా దాకా పోనక్కర్లేదు. ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే, దారి దేవరకొండ వైపు లంబాడీ తండాల్లోకి పోతుంది.

తువారెగ్‌లు నైజర్, మాలి, అల్జీరియా ఎడారుల్లో తిరిగిన సంచారులు. బిల్మా అనే చోట దొరికే ఉప్పును ఒంటెల మీద మోసుకొచ్చి అమ్మేవాళ్లు. లంబాడీలు దక్కన్ అంతటా ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోశారు. ‘లవణం’ నుంచే ఆ పేరు వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట ఉండేవాళ్లకు బీరువా ఎక్కడిది? సంపాదనంతా ఒంటిమీదే. లంబాడీ ఆడవాళ్ల మెడలో హాస్లీ, చెంపల పక్కన వేలాడే ఘుగ్రీ టోప్లీలు, కాళ్లకు కడియాలు అలా వచ్చినవే.

తువారెగ్ వెండిపని చేసేవాళ్లను ‘ఇనాదన్’ అంటారు. అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. అగాదెజ్ ఊరి పేరు పెట్టుకున్న శిలువ వాళ్ల చేతుల్లో పుట్టిందే. ముందు మైనంతో శిలువ చేసి, మీద మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి వెండి పోస్తారు. నగ బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలాలి. ఆదిలాబాద్ ఓజాల డోక్రా బొమ్మలదీ ఇదే పద్ధతి. అందుకే ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. పది శిలువలు పక్కపక్కన పెడితే గీత కూడా తేడా లేకుండా ఉన్నాయంటే, అవి మిషన్ సరుకేమోనని అనుమానించాలి.

మరి ఆ వెండి ఎక్కడిది? చాలావరకు నాణేలదే. 1780 అని ముద్ర ఉండే ఆస్ట్రియా మరియా థెరిసా నాణేన్ని తువారెగ్ కంసాలులు కరిగించేవాళ్లు. అందులో వెండి 83 శాతం. లంబాడీలైతే రూపాయలనే హారంగా గుచ్చారు. అలాంటి పాత హారం దొరికితే నాణెం మీద ఏడాది చూడాలి. బ్రిటిష్ రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది, 1940లో 50 శాతానికి దిగింది, 1947లో నికెల్ వచ్చింది. నిజాం చార్మినార్ రూపాయిలో మొదట్లో దాదాపు 82 శాతం.

జర్మన్ సిల్వర్‌లో వెండి బొత్తిగా లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. అయస్కాంతం అంటుకోలేదని దాన్ని వెండి అనుకోకూడదు, జర్మన్ సిల్వర్‌కూ అయస్కాంతం అంటుకోదు. కొత్త వెండికి 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీతో హాల్‌మార్క్ వచ్చింది, అయితే తప్పనిసరి కాదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. పాత నగకూ, పరాయి దేశపు నగకూ ఆ ముద్ర ఉండదు కాబట్టి మిషన్‌లో పరీక్ష చేయించాలి. 925 అని చెక్కి ఉన్నా సరే.

పూసల కథ ఇంకాస్త దగ్గరిది. వెనిస్ గాజుపూసలు ఆఫ్రికాకు చేరకముందే మన పూసలు అక్కడున్నాయి. దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వేలో, సుమారు 800 ఏళ్ల నాటి సమాధుల్లో, భారత తీరం నుంచి వెళ్లిన రకం చిన్న గాజుపూసలు దొరికాయి. కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి, మళ్లీ వేడి చేసి అంచులు నునుపు చేసే ఆ పాత విద్యను తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో నేటి కాలం దాకా నిలబెట్టారు.

పాత పూసకు దారం ఒరిసి రంధ్రం అంచు అరిగి ఉంటుంది. గాజైతే చేతికి చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. ఏనుగు దంతపు చేతిగాజులు మాత్రం ఎంత పాతవైనా కొనకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

ఇక దిల్‌సుఖ్‌నగర్ కాటా దగ్గరికి వస్తే, పాత వెండి కొనే షాపులో ముందుగా ఒక మాట చెప్పి ఉంచవచ్చు. హాస్లీయో కడియమో అమ్మకానికి వచ్చినప్పుడు, అది మూసలో పడకముందే కబురు పెట్టమని.