కుక్కగారి క్వారంటైన్

‘‘కరోనా లెక్కనే కుక్కకు గూడ క్వారంటైనా సారూ?’’

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో పొరుగింటి పెద్దమ్మ ఇలా అడిగితే నాకు నవ్వు వచ్చిన మాట నిజమే. అమెరికాలో చాలా ఏళ్ళుగా ఉంటున్న ఆమె కొడుకు కాపురం ఎత్తివేసుకుని ఇంటికి వస్తున్నాడు. మనుమరాలు ప్రాణంగా పెంచుకుంటున్న కుక్క ఒకటి ఉంది. అది లేనిదే విమానం ఎక్కనని పిల్ల భీష్మించుకుని కూర్చున్నదట!

2020లో మన పల్లెపల్లెకూ తెలిసిన ఈ క్వారంటైన్ మాటకు పుట్టిల్లు ఇటలీ. ప్లేగు రోజుల్లో వెనిస్ నగరం వారు, వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా నిలబెట్టేవారు. వారి భాషలో ‘క్వరాంతా’ అంటే నలభై. మన మండల దీక్ష కూడా ఇంచుమించు అన్ని రోజులే కదా!

కుక్కల విషయంలో ముఖ్యమైన భయం రేబిస్. కాటు పడినచోటి నుంచి ఆ వ్యాధి నరాల వెంబడి మెదడుకు చేరడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అంతవరకు కుక్క చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో పరదేశపు కుక్కలను ఆరేసి నెలలు నిర్బంధించేవారు. టీకా, రక్తపరీక్ష, చర్మం కింద గుర్తింపు చిప్పు వాడుకలోకి వచ్చిన తర్వాత, 2000లో ఆ చెర సడలింది.

మన దేశంలో దీనికి ఆధారం 1898 నాటి పశువుల దిగుమతి చట్టం. రెండేళ్ళు విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవారు రెండు పెంపుడు జంతువులను వెంట తెచ్చుకోవచ్చు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలో కేంద్ర ప్రభుత్వపు జంతు క్వారంటైన్ కార్యాలయాలున్నాయి. అక్కడి నుంచి ముందుగానే అనుమతిపత్రం తీసుకోవాలి. టీకాల పుస్తకం, ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. అన్నీ సక్రమంగా ఉంటే కుక్క ఇంటికి చేరుతుంది. లేదా, క్వారంటైన్ కేంద్రానికే!

రావడం ఒక ఎత్తు, మళ్ళీ వెళ్ళవలసి వస్తే అది మరొక ఎత్తు. అమెరికావారి లెక్కలో మనది రేబిస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశం. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నియమాలు మరింత బిగిశాయి. అక్కడే టీకా వేయించి, బయలుదేరక ముందే వారి ప్రభుత్వ ముద్రతో ధ్రువపత్రం పుచ్చుకుంటే తిరుగుదారి సులువు. అదే ఇక్కడ టీకా వేయించిన కుక్క అయితే, తగిన రక్తపరీక్ష ఫలితం చూపించలేకపోతే 28 రోజులు నిర్బంధంలో ఉండాలి.

ఈ సంగతులన్నీ విని పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. ‘‘అయితే సారూ, దానితోని మనకు భయమా, మనతోని దానికి భయమా?’’ అన్నది.

ఈసారి నాకు నవ్వు రాలేదు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవారిలో సుమారు మూడోవంతు మన దేశంవారే. వచ్చే కుక్కకు పత్రాలన్నీ ఉంటాయి. మన వీధి మలుపులో పడుకున్న కుక్కకో? ఊళ్ళో నూటికి డెబ్బై కుక్కలకు టీకాలు పడితే ఈ వ్యాధి వ్యాప్తికి కళ్ళెం పడుతుందని నిపుణులు చెబుతారు. కుక్క కరిస్తే గాయాన్ని పావుగంటసేపు సబ్బుతో ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకోవాలి. పసరు వైద్యాలతో కాలయాపన చేయరాదు.

విమానాశ్రయం దగ్గర కాపలా సర్కారు కాస్తుంది. వీధి దగ్గర కాపలా మాత్రం మనమే కాయాలి!