ఆటగాడు - శిక్షకుడు

ఫుట్‌బాల్ ఆటలో నడుమ నిలుచువాని పని కష్టమైనది. వెనుకవారికి సాయపడవలెను, ముందువారికి బంతి నందింపవలెను. ఇటలీ దేశీయుడగు కార్లో ఆంచెలొట్టి యిట్టి యాటగాడు. ఈతడు 1959వ సంవత్సరమున రెజ్జోలో యను నూర కర్షక కుటుంబమున జన్మించెను. రోమా జట్టున నాడుచుండగా మోకాలికి దెబ్బ తగిలి, 1982లో ఇటలీ గెలిచిన ప్రపంచ పోటీలో పాల్గొనజాలకపోయెను. అయినను ధైర్యము విడువక, మిలాన్ జట్టున జేరి, 1989, 1990 సంవత్సరములలో యూరోపియన్ కప్పు గెలిచినవారిలో నొకడాయెను.

శిక్షకుడైన తొలిదినములలో నీతడు తాను నేర్చిన పద్ధతినే పట్టుకొని యుండెను. 1997లో పార్మా జట్టునకు రాదలచిన రొబెర్తో బజ్జోకు ఆ పద్ధతిలో దగిన స్థానము లేకపోయెను. అతడు వేరొక జట్టునకు బోయెను. పిమ్మట జువెంటస్ జట్టున జిదాన్ ప్రతిభను జూచి, ఆటగానికి దగినట్లు పద్ధతినే మార్చెను. మిలాన్ జట్టున పిర్లోను రక్షకుల ముంగిట నిలిపి, అచ్చటనుండియే ఆట నడిపింపజేసెను. ఆ జట్టు 2003, 2007లలో యూరప్ విజేత యయ్యెను. తరువాత రియల్ మాడ్రిడ్ జట్టుతో 2014, 2022, 2024లలో గెలిచి, శిక్షకుడుగా ఆ కప్పును ఐదుమార్లు గెలిచిన మొదటివాడాయెను.

విద్యార్థులారా, పద్ధతి మనుష్యుని కొరకు గాని, మనుష్యుడు పద్ధతి కొరకు గాదు. శిష్యుని శక్తి నెరిగి నేర్పుట ఆటస్థలమునకును పాఠశాలకును సమానమే.