ఒక్క మనుష్యుడు చరిత్రను మరలింపగలడా?

నేటి మనుష్యుని గతకాలమునకు బంపి, వానిచే చరిత్రగతిని మార్పించు నవలలు పాశ్చాత్యదేశములందు పెక్కు గలవు. వానిలో పేరొందినది ‘లెస్ట్ డార్క్‌నెస్ ఫాల్’. అమెరికా రచయితయగు స్ప్రేగ్ డి క్యాంప్ దీనిని 1939లో ఒక పత్రికయందు ప్రకటించి, 1941లో గ్రంథముగా వెలువరించెను. చీకటి క్రమ్మకుండుటకై యని పేరునకు భావము.

కథానాయకుడు మార్టిన్ ప్యాడ్వే పురావస్తు శాస్త్రజ్ఞుడు. రోము నగరమున పిడుగుపాటుచే ఆతడు క్రీ. శ. 535వ సంవత్సరమునకు పోయి పడును. ఆ యేడే తూర్పు రోమను చక్రవర్తి జస్టినియను ఇటలీ నేలుచున్న గోతులపై యుద్ధమారంభించెను. నిజచరిత్రలో ఆ యుద్ధము 554 వఱకు సాగి దేశమును పాడుచేసెను. 537లో గోతులు రోమును ముట్టడించి, నగరమునకు నీరు దెచ్చు కాలువలను తెగగొట్టిరి. రాబోవు నీ వినాశము నెఱిగినవాడు ప్యాడ్వే యొక్కడే. దానిని తప్పింప బూనుటయే కథ.

ఆతడు ముందుగా ఫిరంగులు చేయలేదు. ఒక సిరియా వడ్డీవ్యాపారియొద్ద అప్పు గొని, బదులుగా వాని గుమాస్తాలకు నేటి అంకెలతో లెక్కలు నేర్పెను. ఆ సొమ్ముతో బ్రాందీ బట్టీ పెట్టెను. పిదప అచ్చుయంత్రమును, వార్తాపత్రికను నెలకొల్పెను. తుపాకిమందు మాత్ర మాతనికి కుదరలేదు.

ఈ నవలను చదివినవారిలో రెండు పక్షములు గలవు. తెలివిగలవా డొక్కడు చాలునని కొందఱందురు. చాలడని కొందఱందురు. పౌల్ ఆండర్సన్ 1956లో వ్రాసిన ‘ద మ్యాన్ హూ కేమ్ అర్లీ’ యను కథ రెండవ పక్షమునకు బలము. అందు పదవ శతాబ్దపు ఐస్లాండులో పడిన అమెరికా సైనికునకు ఎన్నియో సంగతులు తెలియును. కాని పనిముట్లను చేయుటకు వలయు పనిముట్లే అచట లేవు. తుద కాతడు మృతినొందును.

ఏ పక్షము సత్యము? అంకెల సంగతిని విచారింపుడు. ఐరోపావారు అరబ్బులవలన నేర్చుటచే వానిని అరబ్బీ అంకెలందురు గాని, వాని పుట్టిల్లు భారతదేశము. స్థానము మారినకొలది విలువ పదింతలగునని ఆర్యభటుడు 499లోనే చెప్పియున్నాడు. కాబట్టి ప్యాడ్వే భవిష్యత్తునుండి తెచ్చిన యీ విద్య ఆనాడే భూమిపై నున్నది. రోమునకు చేరలేదు, అంతియే. చేరినపిమ్మట నిలుచుటకు రెండు కావలెను: దాని యవసరము గల జనులు, దానిని చేయ నేర్చిన చేతులు. వడ్డీవ్యాపారికి లెక్క లవసరము. అంకెలకు పలకయు బలపమును చాలును. కావున నది నాటుకొనెను. ఫిరంగికో, మేలైన లోహము, శుద్ధమైన సురేకారము, పాళ్లెఱిగిన పనివారు కావలెను.

విద్యార్థులారా, ఈ రాత్రి మీరు అట్టి కాలమున పడితిరేని, మీ పాఠములలో దేనిని చేసి చూపగలరు? విద్యుద్దీపము పేరు మీ కందఱకు తెలియును. దానికి వలయు రాగితీగను తీయుట యెందఱకు తెలియును? నీటిని కాచి త్రాగుడని చెప్పుటకు మాత్రము ఏ యంత్రమును అక్కఱలేదు. ఆ యొక్క మాట వేలమందిని బ్రతికింపగలదు. పేరు తెలియుట వేఱు, పని తెలియుట వేఱు. ఆ భేదము నెఱిగి చదువువాడు ఏ కాలమున పడినను నిరుపయోగి కాడు.